ఊదాగుడ్డ కప్పిన పీఠం

మా చిన్నమ్మ శౌరమ్మ గురించి రాస్తానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వదగిన మాటే. ఆమె చదువుకోలేదు, ఊరికి ఉపకారమేదీ చేయలేదు, చెరువు తవ్వించలేదు. పొట్టి మనిషి, నోరు తక్కువ, సంగటి గట్టిగా కెలుకుతుంది. ప్రొద్దుటూరికి అవతల రాజుపాలెం పక్కన ఒక పల్లెలో పుట్టింది, జమ్మలమడుగులో కాపురం చేసింది. అంతకు మించి ఆమె గురించి చెప్పడానికి ఒకే సంగతి ఉంది. నేను కాలేజీ వదిలేసి ఊళ్ళు పట్టుకొని తిరిగిన రోజుల్లో ఆ ఇంట్లో చాలా పూటలు తిన్నాను, కాబట్టి అటువాళ్ళ మాటా ఇటువాళ్ళ మాటా రెండూ విన్నాను. దేవుడి మాట మాత్రం వినలేదు. ఆయన పక్షం ఏమిటో నాకు తెలియదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ఆమె పుట్టిన పల్లెలో క్యాథలిక్కుల ఇళ్ళు గుప్పెడు. గుడి లేదు. ప్రొద్దుటూరు నుంచి స్వాములవారు, అంటే పాదిరి, ఎప్పుడో వీలైనప్పుడు సైకిలు మీద వచ్చి, ఎవరో ఒకరింట్లో పూజ చేసి పోయేవాడు. వానలు పడి వంక పొంగితే అదీ లేదు. మిగతా రోజులన్నీ ఎవరింట్లో పీఠం వాళ్ళకు గుడి. పీఠం అంటే పెద్దదేమీ కాదు. గోడలో గూడు, గూట్లో ఒక సిలువ, మరియతల్లి స్వరూపం, గోడకు ఒక పటం, మంత్రించిన నీళ్ళ సీసా, కొవ్వొత్తి. పొద్దుగూకితే ఇంటిల్లిపాదీ దాని ముందు మోకరించి జపమాల చెప్పాలి. కూడు ఆ తర్వాతే. నిద్ర ఆపుకోలేని పిల్లలను తల్లి మోచేత్తో పొడుస్తూ ఉంటుంది. చావు దగ్గరపడిన వాళ్ళను ఎత్తుకొచ్చి పీఠం ఎదుటే పడుకోబెడతారు. శౌరమ్మ నాయన కూడా అట్లాగే పోయాడు.

ఆడపిల్లకు పెళ్ళయితే తల్లి కొత్త స్వరూపం కొని, స్వాములవారితో మంత్రింపించి, పెట్టెలో చీరల మీద పెట్టి పంపుతుంది. అత్తగారింట్లో ముందు స్వరూపం గడప దాటాలి, తర్వాతే పెళ్ళికూతురు. ఇది వాళ్ళలో ఎవరూ రాసిపెట్టని చట్టం.

శౌరమ్మ చేసుకున్నది యోనాను. యోనా నాపరాళ్ళు పరిచే మేస్త్రి. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడికి నేల పరిచే పనిలో శౌరమ్మ అన్నతో కలిసి పని చేశాడు, అన్నతో పాటు వాళ్ళ పల్లెకు రెండు మూడు మార్లు పోయాడు, నాలుగోసారి పెళ్ళి మాట ఎత్తాడు. ఇద్దరిదీ ఒకే కులం, కాబట్టి కులం అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది దేవుడు. అదీ ఇద్దరికీ ఒకే దేవుడు. శౌరమ్మ వాళ్ళు ఆర్.సి. గుడి మనుషులు, యోనా వాళ్ళు ప్రొటెస్టెంటు సంఘం. బయటివాళ్ళకు ఇద్దరూ కిరస్తానీలే. లోపలివాళ్ళకు మాత్రం ఈ రెండింటి మధ్య పెన్నేరంత దూరం ఉంది. పెన్నేట్లో నీళ్ళు లేకపోయినా దూరం దూరమే కదా.

యోనా నాయన తీతయ్య. జమ్మలమడుగు చుట్టుపక్కల ఆయన్ను ఎరగని ఊరు లేదు. సువార్త పుస్తకాలు సంచిలో వేసుకొని పులివెందుల దాకా కాలినడకన తిరిగి అమ్మిన మనిషి. కొన్ని ఊళ్ళలో మజ్జిగ ఇచ్చారు, కొన్ని ఊళ్ళలో కుక్కల్ని ఉసిగొల్పారు. కాళ్ళు అరిగాక సంఘంలో పెద్దగా కూర్చున్నాడు. ప్రభువు బల్ల ఆచరించే రోజు, పాస్టరు అయ్యగారు రొట్టె విరిచి ఇస్తే, ద్రాక్షరసం కప్పు పట్టుకొని వరసలో అందరి నోటికీ అందించేది ఆయనే. భార్య పోయింది. ఆస్తి రెండు గదుల మట్టిమిద్దె. ఆ కప్పు తప్ప ఆయనకు ఊళ్ళో మరో గొప్ప లేదు.

రాజధాని ఇంకా కర్నూలులోనే ఉన్నప్పుడు ఆ పెళ్ళి జరిగింది. ప్రొద్దుటూరు గుడిలో జరిగింది. పుట్టే పిల్లలు క్యాథలిక్కులుగానే పెరగాలని స్వాములవారు యోనా దగ్గర మాట తీసుకున్నాడు. తీతయ్య గుడిలోకి రాలేదు. బయట వేపచెట్టు కింద కూర్చొని, పూజ అయ్యాక వచ్చి భోజనం చేసి పోయాడు. కొడుకు మీద కోపం ఉంది, కూటి మీద లేదు.

పెళ్ళికి ముందే యోనా ఒక పని చేసి పెట్టాడు. మిద్దెలో లోపలి గది గోడకు గూడు తొలిచి, నున్నగా తోమిన నల్ల నాపరాయి ఒకటి గోడలోకి లోతుగా దిగేసి, పలకలాగా ముందుకు నిలిపాడు. అంత బాగా పాతాడు కాబట్టే దాన్ని తీయాలంటే సగం గోడ పడగొట్టాలి. తీతయ్య దాన్ని చూసి, దీపం పెట్టుకోవడానికి కాబోలు, కొడుక్కు బుద్ధి వచ్చింది అనుకున్నాడు. కోడలు పెట్టె తెరిచి దాని మీద మరియతల్లిని నిలబెట్టినప్పుడు గాని ఆయనకు సంగతి తెలియలేదు.

మొదటి ఏడాది పెద్ద గొడవ కాలేదు. తీతయ్య లోపలి గదిలోకి పోవడం మానుకున్నాడు, అంతే. సాయంకాలం కోడలు జపమాల మొదలుపెడితే ఆయన వీధి అరుగు మీదికి పోయి గట్టిగా కీర్తన ఎత్తుకునేవాడు. ఈస్టరు పండగకు ముందు ఉపవాసాలుండే తపస్సు కాలం వచ్చేసరికి శౌరమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది, పండగ అక్కడే అయిపోయింది, బిడ్డను ఎత్తుకొని తిరిగి వచ్చింది.

రెండో ఏడాది గొడవ బయటినుంచి వచ్చింది. సంఘంలో ఇంకో పెద్ద ఉన్నాడు. ఆయనకూ కప్పు పట్టుకోవాలని ఉంది, పాపం. కమిటీలో లేచి, కప్పు పట్టే చెయ్యి ఉన్న ఇంట్లో బొమ్మకు కొవ్వొత్తి వెలుగుతోందని చెప్పాడు. అయ్యగారు మెత్తటి మనిషి. తీతయ్యను పక్కకు పిలిచి, ఈస్టరు లోపల ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. తేల్చుకోకపోతే ఈస్టరు రోజు కప్పు వేరే చేతికి పోతుంది.

తీతయ్య ఇంటికి వచ్చి కోడల్ని పిలిచాడు. యోనా పులివెందులలో ఉన్నాడు, ఎవరో రెడ్డి కొత్త ఇంటికి రాళ్ళు పరుస్తున్నాడు.

"ఏమ్మే, పది ఆజ్ఞలు వచ్చునా నీకు?"

"వచ్చు మామా."

"చెప్పు."

శౌరమ్మ చేతులు కట్టుకొని మొదలుపెట్టింది. ఒకటి, దేవుడు ఒక్కడే. రెండు, ఆయన పేరు ఊరికే ఎత్తకూడదు.

"ఆగు. రెండోది బొమ్మ చేసుకోవద్దని. దాన్ని యాడ పారేస్తివి?"

"మాకు రెండోది పేరు గురించే మామా. ఉపదేశి అట్లే నేర్పినాడు."

"అయితే మీ పాదిరి ఒకటి మింగినాడు. లెక్కపెట్టు. తొమ్మిదే వస్తాయి."

శౌరమ్మ వేళ్ళు ముడుస్తూ చివరిదాకా చెప్పింది. పది వచ్చాయి. తీతయ్య తన లెక్క చెప్పాడు. అవీ పదే. క్యాథలిక్కులు బొమ్మల మాటను మొదటి ఆజ్ఞలో కలిపేసుకొని, పరుల భార్యను ఆశించడం ఒకటి, పరుల సొమ్మును ఆశించడం ఒకటి అని చివరిదాన్ని రెండు చేసుకున్నారు. ఈ సంగతి మామకూ తెలియదు, కోడలికీ తెలియదు. ఇద్దరూ వేళ్ళు చాచుకొని ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. లెక్క తప్పితే కోపం తగ్గేదేమో. రెండువైపులా లెక్క కుదిరింది కాబట్టి ఎక్కువైంది.

అప్పుడు ఆయన అసలు మాట చెప్పాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఇంటి మూలలో పెద్దమ్మ రాయి ఒకటి ఉండేదట. పసుపు, కుంకుమ, కోడి. వాళ్ళ నాయన మతం పుచ్చుకున్న రోజు దాన్ని గోనెసంచిలో వేసి పెన్నేటికి మోసుకుపోయాడట. కులపెద్దలు ఆయన్ను ఏటి గట్టు మీదే కొట్టారట. చెవినుంచి నెత్తురు కారుతున్నా మడుగు దాకా నడిచి రాయిని నీళ్ళలో వేసి వచ్చాడట. ఆ చెవి మళ్ళీ వినబడలేదు.

"మా నాయన చెవి ఇచ్చి ఆ రాయిని బయటికి పంపినాడు. నేను ముసలితనంలో ఇంగో రాయి ఇంట్లోకి తెచ్చుకోవాల్నా? నువ్వే చెప్పు."

శౌరమ్మ తన కష్టం చెప్పుకుంది. జమ్మలమడుగులో వాళ్ళకు గుడి లేదు. పూజకు పోవాలంటే చంటిబిడ్డతో ప్రొద్దుటూరు బస్సెక్కాలి. ఇంట్లో పీఠం కూడా లేకపోతే పొద్దుగూకినాక ఏ పక్కకు తిరిగి కూర్చోవాలో తనకు తెలియదు అంది. తీతయ్య, దేవుడు ఏ పక్కనైనా ఉంటాడు అన్నాడు. ఉంటాడు, నాకు కనపడాల కదా అంది ఆమె.

ఈస్టరు లోపల ఆ బొమ్మ ఇల్లు వదలాలి, లేదా బొమ్మతో పాటు మీరూ వదలాలి. అదీ తీతయ్య తీర్పు. పులివెందులకు మనిషి మీద కబురు పోయింది. చూద్దాంలే అని యోనా తిరుగు కబురు పంపాడు. మా చిన్నాయన రాయిని కొట్టినంత గట్టిగా మాటను కొట్టలేడు.

వారం గడిచింది. పాస్కు పండుగకు, అంటే ఈస్టరుకు, రెండు వారాల ముందు ఆదివారం వచ్చింది. ఇక్కడ ఆర్.సి. వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ఆ ఆదివారం నుంచి పండగదాకా గుడిలో సిలువలకూ స్వరూపాలకూ అన్నిటికీ ఊదారంగు గుడ్డ కప్పేస్తారు. అది దుఃఖకాలం. ప్రభువు సిలువ పాట్లు పడే రోజుల్లో ఆయన మొహం చూసే అర్హత మనకు లేదని అర్థమని వాళ్ళ ఉపదేశి చెప్పేవాడట. గుడిలో కప్పితే ఇంటి పీఠానికీ కప్పుతారు. శౌరమ్మ తల్లి స్వరూపంతో పాటు ఆ గుడ్డనూ మడిచి పెట్టెలో పెట్టింది. శౌరమ్మ దాన్ని తీసి, సిలువనూ మరియతల్లినీ పటాన్నీ అన్నిటినీ కప్పేసి, గాలికి లేవకుండా గుడ్డ అంచు మీద చిన్న రాళ్ళు పెట్టింది. పూలు తీసేసింది. కొవ్వొత్తి వెలిగించలేదు. జపమాల గొంతెత్తకుండా చెప్పుకుంది.

తీతయ్య తలుపు సందులోంచి అది చూశాడు. పీఠం కనబడలేదు. పూలు లేవు, వెలుగు లేదు, గొంతు లేదు.

కోడలు లొంగిపోయిందనుకున్నాడు. ఆ ఆచారం ఆయనకు తెలియదు. అవతలి గుడి గడప తొక్కనివాడికి ఎట్లా తెలుస్తుంది? పోయిన ఏడాది ఆమె పుట్టింట్లో ఉంది. అడిగి ఉంటే తెలిసేది. కానీ ఆయన అడగలేదు. ఓడిపోయిన మనిషిని ఏమ్మే ఓడిపోయినావా అని అడగడం మర్యాద కాదనుకున్నాడు. ఆయన తప్పు పుట్టింది చెడ్డతనంలోంచి కాదు, మంచితనంలోంచే. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది.

మరుసటి రోజు పెన్నేటి ఇసకలో పండిన కర్బూజా ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఏమ్మే అని పిలవడం మానేసి అమ్మా అన్నాడు. బిడ్డను ఎత్తుకొని వీధి చివరిదాకా తిప్పుకొచ్చాడు. శుక్రవారం అరసేరు పొట్టేలు మాంసం తెచ్చాడు. క్యాథలిక్కులు శుక్రవారం మాంసం ముట్టరు, తపస్సు కాలంలో అసలే ముట్టరు. శౌరమ్మ మసాలా నూరి వండి పెట్టి, తను మాత్రం సంగటి, ఉల్లిగడ్డకారం తింది. తీతయ్య అది కూడా చూశాడు. బొమ్మ కోసం బాధపడుతోంది, కడుపుకు దిగడం లేదు, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది అనుకున్నాడు. శౌరమ్మ మాత్రం మామ మనసు పండగ దగ్గరపడేకొద్దీ మెత్తబడిందని సంతోషపడింది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు తప్పుగా చూసుకుంటూ అంత సుఖంగా ఎప్పుడూ లేరు.

ఈస్టరుకు ముందటి మట్టల ఆదివారం తీతయ్య సంఘంలో లేచి, నా కోడలు బొమ్మను వదిలేసింది అని చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఇంకో పెద్ద కూడా అన్నాడు, కొంచెం ఆలస్యంగా.

శౌరమ్మకు ఇది తెలిసింది మాబున్ని నోటినుంచి. మాబున్ని పక్కింటి మనిషి. ఆమె మొగుడు జమాల్ తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. ఆమెకు ఆ వీధిలో తెలియని సంగతి లేదు. బుధవారం పొద్దున నీళ్ళ దగ్గర బిందె దించుతూ అడిగింది.

"ఏమక్కా, మీ తల్లిని వదిలేసినావంట? మీ మామ సంతోషానికి పట్టపగ్గాలు లేవు."

శౌరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బిందె ఎత్తుకోకుండా అక్కడున్న రాయి మీదే కూర్చుంది. కర్బూజా, అమ్మా అనే పిలుపు, మాంసం అన్నీ ఇప్పుడు వేరే రంగులో కనబడ్డాయి. ఊదాగుడ్డ సంగతి మాబున్నికి చెప్పింది. మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక ఇంత బాగా కుదిరినదాన్ని చెడగొట్టుకోవద్దని సలహా ఇచ్చింది.

"ఆ గుడ్డ తీయాకు. లోపల మీ తల్లి ఉంటాది, బయట మీ మామకు గుడ్డ ఉంటాది. మేమూ గోషా వేసుకుంటాం, లోపల మనిషి లేకుండా పోతాదా?"

పెద్ద శుక్రవారానికి, ప్రభువును సిలువ వేసిన రోజుకు, యోనా పులివెందుల నుంచి వచ్చాడు. ఆయనా అదే అన్నాడు. నాలుగేళ్ళు కప్పి పెట్టు, నాయన కాలం అయినాక తీద్దువు అన్నాడు. మంచి సలహానే. నేనైతే అదే చేసేవాణ్ణి, అందుకు సిగ్గుపడేవాణ్ణి కూడా కాదు. ఇల్లు నిలుస్తుంది, పీఠం నిలుస్తుంది, ముసలాయన చేతిలో కప్పు నిలుస్తుంది. ఖర్చు ఒక గుడ్డ ముక్క.

శౌరమ్మ ఒప్పుకోలేదు. ఎందుకని యోనా అడిగితే ఆమె చెప్పిన మాట ఇది:

"గుడ్డ కప్పింది ఆయన చచ్చినందుకు. లేచినాక కూడా కప్పి పెడితే ఇంగ లేచినట్టు యాడుంది?"

యోనా తల గీరుకున్నాడు. ఆయనకు రాళ్ళ సంగతి తెలుసు గాని ఇంత దూరం ఆలోచించే అలవాటు లేదు. తీసేదేదో ఆదివారం సాయంత్రం తీయి, నాయన కప్పు పట్టుకొని వచ్చినాక అన్నాడు. దానికీ ఆమె ఒప్పుకోలేదు.

శనివారం మధ్యాహ్నం తీతయ్య పెరట్లో తన పంచె ఉతుక్కొని, నీలిమందు పెట్టి, దండెం మీద ఆరేసుకోబోతున్నాడు. పండగ పంచె ఆయన ఇంకొకరిని ఉతకనివ్వడు. శౌరమ్మ బిడ్డను మాబున్ని చేతికిచ్చి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"మామా, లోపల గుడ్డ కప్పింది నేను మానుకొని కాదు. పండక్కు ముందు మావాళ్ళందరూ కప్పుతారు. అది మా దుఃఖం. రేపు తెల్లారితే తీసేస్తా. నువ్వు కప్పు పట్టకముందే నీకు తెలియాలని చెప్తాండా."

తీతయ్య తడి పంచె పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. నీలం నీళ్ళు ఆయన కాళ్ళ మీద కారాయి.

"ఎవురు చెప్పమన్నారు నీకు?"

"ఎవురూ చెప్పమనల్యా. అందరూ చెప్పొద్దనే అన్నారు."

"మరి ఎందుకు చెప్తివి?"

"సంఘంలో నా మాటగా చెప్పినావంట కదా మామా. అది నా మాట కాదు."

ఆయన పంచె దండెం మీద వేసి ముడతలు సరిచేశాడు, మళ్ళీ సరిచేశాడు, లోపలికి పోయాడు. ఆ రాత్రి కూడు వద్దన్నాడు. శౌరమ్మ పెట్టె కిందికి దించి బట్టలు సర్దుకుంది. పనికోసం ప్రొద్దుటూరు చేరిన అన్న ఇంట్లో ఒక మూల దొరుకుతుంది. పీఠం లేని ఇంట్లో ఉండడం కంటే పీఠం ఉన్న మూల మేలు అనుకుంది. యోనా గోడకు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం కోడి కూసే వేళ లేచి స్నానం చేసి, ఊదాగుడ్డ తీసింది. కొవ్వొత్తి వెలిగించింది. కనకాంబరాల దండ వేసింది. బిడ్డను చంకన వేసుకొని పూజకు ప్రొద్దుటూరు బస్సెక్కింది. గడప దాటేటప్పుడు తీతయ్య అరుగు మీద కూర్చొని ఉన్నాడట. అడ్డం చెప్పలేదు.

సంఘంలో ఏం జరిగిందో చూసినవాడు యోనా. అయ్యగారు రొట్టె విరిచాక తీతయ్యను ముందుకు పిలిచాడు. తీతయ్య లేచాడు గాని ముందుకు పోలేదు. బెంచీ దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"మా ఇంట్లో బొమ్మ పోయిందని నేను చెప్పినా. పోల్యా. ఆ పాపను, నా కోడల్ని, అడక్కుండానే చెప్పినా. తప్పు నాది, ఆ పాపది కాదు. కప్పు వేరేవాళ్ళకు ఇయ్యండి."

ఇంకో పెద్దకు కప్పు దొరికింది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నదే అయినా ఆ రోజు ఆయన చేతిలో కప్పు ఒరిగి అంగీ మీద కొంచెం ఒలికిందని యోనా చెబుతాడు. యోనా తన నాయన పక్షం మనిషి, ఆ ఒలికింది ఎంతవరకు నిజమో నేను చెప్పలేను. తీతయ్య అందరూ తాగినాక వరసలో చివర నిలబడి, తనూ ఒక గుక్క తాగి వచ్చాడు.

మధ్యాహ్నం శౌరమ్మ బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి తండ్రీకొడుకులు లోపలి గదిలో ఉన్నారు. తీతయ్య అంతకుముందు ఆ గదిలో అడుగు పెట్టి ఎన్నాళ్ళయిందో. యోనా చేతిలో కొలతాడు. ఆ మూలనుంచి ఈ మూలకు పట్టి చూస్తున్నారు. గూట్లోంచి రాయిని ఊడబెరకడానికే కొలుస్తున్నారనుకుంది ఆమె. బిడ్డను కింద దించి, పోయి మరియతల్లిని తీసి చంకన పెట్టుకుంది.

"ఎవురు తీయమన్నారు నిన్ను? ఆడ్నే పెట్టు," అన్నాడు తీతయ్య.

ఆమె పెట్టలేదు. అట్లాగే నిలబడింది. అప్పుడు ఆయన రెండు గదుల మధ్య ఉన్న పెద్ద వాకిలి చూపించాడు.

"ఈడ నీ మొగుడు రాళ్ళు నిలబెడతాడు. అవతల మీ ఇల్లు, ఇవతల నా ఇల్లు. మీకు సందు పక్క వాకిలి పెడతాం. నా ఇంట్లో బొమ్మ లేదు. మీ ఇంట్లో ఏముంటే నాకేం పని?"

"నీకు కూడు మామా?"

"సందులోనుంచి తిరిగి తెచ్చియ్యి. కాళ్ళు లేవా నీకు?"

ఆమె పోయి మరియతల్లిని గూట్లో పెట్టింది.

మా పక్క నాపరాళ్ళను నిలువుగా పాతి పొలాలకు, పెరళ్ళకు కంచె కట్టుకుంటారు. ఇంటి మధ్యలో కంచె కట్టింది మాత్రం నేను తీతయ్య మిద్దెలోనే చూశాను. యోనా మనిషి ఎత్తు రాళ్ళు తెచ్చి వరసగా నిలబెట్టి, సందులు సున్నంతో పూడ్చాడు. సందు పక్కకు జమాల్ తలుపు చేసి ఇచ్చాడు. పంచాయతీలో చెప్పి ఇంటి నంబరు కూడా వేరే వేయించుకున్నారు. కమిటీలో కొందరు నవ్వారు. నాలుగు రాళ్ళు నిలబెడితే రెండిళ్ళు అయిపోతాయా అని ఒకరు అడిగారు. వాకిలి వేరు, నంబరు వేరు, పన్ను వేరు, ఇంకేం కావాలి అన్నాడు తీతయ్య. మరి కూడు అని ఇంకొకరు అడిగారు. కూడు నా కోడలు వండుతుంది, కూటికి బొమ్మ లేదు అన్నాడు. అయ్యగారు ఏమీ తేల్చకుండా కొన్నాళ్ళు నానబెట్టాడు. కప్పు మళ్ళీ తీతయ్య చేతికి రావడానికి, పంటలు వచ్చినాక సంఘంలో చేసే కోతపండగ దాకా పట్టింది. శౌరమ్మ మాత్రం ఎండలో, వానలో మూడుపూటలా తట్ట పట్టుకొని సందు చుట్టూ తిరిగింది. ఆ తిరుగుడు ఆమె కట్టిన పన్ను.

యోనా గోడకు పైన మిగిలిన ఖాళీని మట్టి ఇటుకలతో పూడుస్తానన్నాడు. ముసలాయనే వద్దన్నాడు. పూడిస్తే ఎండాకాలం గాలి ఎట్లా ఆడుతుందని తిట్టాడు. అందుకని ఆ రాళ్ళ గోడ వాకిలి పైదాకా పోలేదు. మనుషులు అటూ ఇటూ కనబడరు. మాట మాత్రం గోడ ఎక్కి వస్తుంది.

ఆ ఇంట్లో తిన్న రోజుల్లో నేను విన్నది ఇది. పొద్దుగూకితే శౌరమ్మ పీఠం ముందు మోకరించి జపమాల ఎత్తుకుంటుంది. ప్రభువు నేర్పిన పరలోక జపం ఒకటి, దాని వెనక మరియతల్లిని వేడుకునే మంగళవార్తలు పది, మళ్ళీ ఒక పరలోక జపం. తీతయ్య అరుగు మీదికి పోవడం మానేశాడు, మోకాళ్ళ నొప్పులు. గోడ అవతల మంచం మీద ఉండి, మంగళవార్త చెప్పినప్పుడల్లా దగ్గుతాడు. పదిసార్లు చెబితే పదిసార్లు దగ్గుతాడు. రోగం దగ్గు కాదు, అది ఆయన అభిప్రాయం. పరలోక జపం వచ్చేసరికి దగ్గు ఆగిపోతుంది. అది ఇద్దరిదీ కదా.

ఆ జపం చివర రాజ్యం, మహిమ నీవే అనే అర్థం వచ్చే మాటలు ప్రొటెస్టెంట్లు కలుపుతారు, వీళ్ళు కలపరు. శౌరమ్మ తన మట్టుకు ముగించి ఊరుకుంటుంది. అవతలనుంచి ముసలాయన గొంతు ఆ మిగిలిన ముక్కను ఒక్కటే, నిదానంగా, గట్టిగా చెబుతుంది. అప్పటికి మాటలు వచ్చిన బిడ్డ తొందరపడి తర్వాతి మంగళవార్త ఎత్తుకోబోతే శౌరమ్మ మోచేత్తో పొడిచి ఆపుతుంది. మామ చెప్పడం అయ్యేదాకా జపమాల పూస పట్టుకొని కూర్చుంటుంది. ఆయన ఆమెన్ అంటాడు. ఆమె మంగళవార్త మొదలుపెడుతుంది. ఆయన దగ్గుతాడు.